జవాబు అక్కర్లేని ఉత్తరాలు

మనకు ఉత్తరం రాసే తీరిక ఈ లోకంలో ఇంకా ఎవరికి మిగిలిందో తెలుసుకోవాలంటే పొద్దున్నే ఈమెయిల్ తెరిచి చూడాలి. మేనమామ రాయడు. డల్లస్‌లో ఉన్న అన్నయ్య కొడుకు రాయడు. చిన్ననాటి స్నేహితుడు వాట్సాప్‌లో గులాబీ పువ్వు ఒకటి పడేసి ఊరుకుంటాడు. కానీ ఎప్పుడో ఒక చొక్కా కొన్న పాపానికి బట్టల కొట్టు రాస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు కూతవేటు దూరంలో వెంచర్ వేశానంటూ ఇంకొకాయన రాస్తాడు. మనం అడగని అప్పు మనకు మంజూరైపోయిందని మరొకరెవరో మనకంటే ఎక్కువ సంతోషపడుతూ రాస్తారు. పుట్టినరోజు నాడు ఇంట్లోవాళ్ళు లేవకముందే శుభాకాంక్షలు చెప్పేది పళ్ళ డాక్టరుగారి క్లినిక్కు. ఆ వారంలో వచ్చి పళ్ళు శుభ్రం చేయించుకుంటే ఎంత తగ్గిస్తారో కూడా కిందనే ఉంటుంది.

పళ్ళ డాక్టర్లకు ఇది కొత్త అలవాటేమీ కాదు. 1864లో లండన్‌లో కొందరు రాజకీయ ప్రముఖుల ఇళ్ళకు రాత్రివేళ టెలిగ్రాములు వచ్చాయి. టెలిగ్రామ్ అంటే ఎలా ఉండేదో మన పెద్దవాళ్ళకు తెలుసు. విప్పకముందే వీధి వీధంతా ఏడవడానికి సిద్ధపడేది. తీరా విప్పితే, హార్లీ స్ట్రీట్‌లోని గాబ్రియేల్ అనే దంతవైద్యులు పదింటి నుంచి ఐదింటి దాకా అందుబాటులో ఉంటారట! మండిపడ్డ ఒక పెద్దమనిషి ‘టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాశాడు. అడగకుండా ఇంట్లోకి దూరిన ప్రకటన మీద అచ్చయిన తొలి ఫిర్యాదుల్లో అదొకటి.

ఈమెయిల్‌కు ఆ ముహూర్తం 1978 మే 3న వచ్చింది. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గ్యారీ థ్యూర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాలు పెట్టే చోట అన్ని పట్టక, మిగిలినవి ఉత్తరంలోకే ఒలికిపోయాయి. అందరూ తిట్టారు. ఆ ఉత్తరం వల్ల కోటి డాలర్లకు పైగా సరుకు అమ్ముడుపోయిందని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. తిట్లకూ లాభానికీ మధ్య అప్పుడు కుదిరిన ఈ ఒప్పందం ఇప్పటికీ రద్దు కాలేదు.

మా చిన్నప్పుడు ఇంటికి వచ్చే అక్కర్లేని ఉత్తరం ఒక్కటే రకం. ఫలానా గుడిలో పాము మనిషి గొంతుతో మాట్లాడిందని, ఆ సంగతి పదిమందికి రాసినవాడికి లాటరీ తగిలిందని, నమ్మక చింపేసినవాడి ఎద్దు చచ్చిపోయిందని కార్డు నిండా చీమల బారులాంటి అక్షరాలు. అడుగున పేరుండేది కాదు. అమ్మ దాన్ని చింపలేకా, తిరిగి పదిమందికి రాయలేకా దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక దాచేది. అయినా ఆ కార్డు రాసినవాడిలో ఒక నిజాయితీ ఉంది. కార్డు పదిహేను పైసలు. పది కార్డులకు రూపాయిన్నర పెట్టాడు, చేత్తో రాశాడు, వేళ్ళు నొప్పి పుట్టించుకున్నాడు. అంతకు తెగించినవాళ్ళు కొద్దిమందే కాబట్టి మనకూ ఏడాదికి ఒకటో రెండో వచ్చేవి. ఆ రూపాయిన్నరే అప్పట్లో మన ఫిల్టర్.

ఈమెయిల్‌కు ఆ రూపాయిన్నర కూడా అక్కర్లేదు. 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక గమ్మత్తైన పని చేశారు. స్పామ్ పంపే ముఠా ఒకటి ఊరూరా జనం కంప్యూటర్లను ఆక్రమించి నడుపుతున్న ‘స్టార్మ్’ వ్యవస్థలోకి చొరబడి, మందులమ్మే మెయిళ్ళలో కొన్నిటిని తాము పెట్టిన ఉత్తుత్తి దుకాణం వైపు మళ్ళించారు. 26 రోజుల్లో దాదాపు 35 కోట్ల మెయిళ్ళు వెళ్ళాయి. కొనుగోలు దాకా వచ్చినవి 28 బేరాలు. కోటికి ఒక్కడు కూడా లేడన్నమాట. ఆ ఒక్కడూ లేని కోటిని కూడా వదులుకోకపోవడమే ఈ వ్యాపారం. మిగతా అందరం ఊరికే తలుపు తీసి వేసినవాళ్ళం.

మా బాబాయి తెనాలిలో ఉంటాడు. సహకార బ్యాంకులో అకౌంటెంటుగా రిటైరయ్యాడు. ఇంటికి వచ్చిన కాగితం ఏదైనా సరే, చదివి, పైమూలన తేదీ వేసి, తీగకు గుచ్చడం ఆయన అలవాటు. కుర్రవాళ్ళ కోసం చెబుతున్నాను: అప్పట్లో ఉత్తరాలకు బీరువాలుండేవి కావు. గొడుగు చువ్వను సాగదీసి, కింద గుండ్రటి చెక్క బిళ్ళ బిగించి, పై కొసను కొక్కెంలా వంచి గోడ మేకుకు తగిలించేవారు. పెళ్ళి శుభలేఖ, కరెంటు బిల్లు, మేనల్లుడి పరీక్ష ఫలితం, ఎరువుల కొట్టు రసీదు అన్నీ దానికే. పాత ఉత్తరం కావాలంటే పైనున్నవి ఒక్కొక్కటీ తీసి మళ్ళీ గుచ్చాలి. అందుకే బాబాయి ఉత్తరాల నిండా మధ్యలో చిల్లులే.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

“పెన్షన్ వాళ్ళు ఏదో మెయిల్ పంపామంటున్నారు. ఎంత వెతికినా కనబడి చావట్లేదురా.”

కనబడింది. రెండు వెంచర్లకూ ఒక మోకాళ్ళ నొప్పుల చికిత్సకూ మధ్య నలిగిపోయి ఉంది.

“ఇవన్నీ తీసేయనా బాబాయ్?”

“ఉండరా. పాపం వీళ్ళు రోజూ రాస్తున్నారు. ఆ ప్లాట్లాయనకు నేను జవాబు కూడా రాశా. అయ్యా, నాకు డెబ్బై దాటాయి, స్థలాలు కొనే ఉద్దేశం లేదు, మీరు శ్రమ పడకండి అని. అది కాస్తా తిరిగొచ్చింది.”

“ఆ అడ్రసుకు జవాబు వెళ్ళదు బాబాయ్. చూడు, ‘నో రిప్లై’ అని ఉంది. అది పంపడానికే గానీ తీసుకోవడానికి కాదు.”

ఆయన కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడుచుకున్నాడు. “జవాబు అక్కర్లేనివాడు ఉత్తరమెందుకు రాసినట్టురా?”

వంటింట్లోంచి పిన్ని అందుకుంది. “ఆ ప్లాట్లవాడికి మన డోర్ నంబరుతో సహా రాశారు మీ బాబాయి. నువ్వైనా చెప్పు నాయనా.”

బాబాయి అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు గానీ, ఇన్‌బాక్సును రెండుగా చీల్చడానికి అంతకంటే మంచి కత్తి నాకు ఇంతవరకు దొరకలేదు. జవాబు కోరి రాసినవి ఒక వైపు, కోరనివి ఒక వైపు. రైలు టికెట్టు, బ్యాంకు ఓటీపీ కూడా జవాబు అక్కర్లేని అడ్రసుల నుంచే వస్తాయి కాబట్టి ఆ కత్తి అన్నిచోట్లా తెగదు. అయినా మొదలెట్టడానికి చాలు.

అసలు ‘అక్కర్లేనిది’ అని ఎవరు తేల్చాలి? ఫోన్లకైతే మన దేశంలో ప్రభుత్వం కొంత తేల్చింది. 1909కి ఫోన్ చేసి, ప్రచారం కాల్స్ వద్దనే ‘డీఎన్‌డీ’ జాబితాలో చేరవచ్చు. ప్రచారం కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి రావాలని నిబంధన ఉంది. వ్యక్తిగత నంబర్ల నుంచి చేసే ఘనులు ఉన్నారనుకోండి, అది వేరే గొడవ. ఈమెయిల్‌కు అలాంటి ఏర్పాటు మన దగ్గర లేదు. అమెరికా 2003లో ‘క్యాన్-స్పామ్’ అని చట్టం చేసింది. మరుసటి ఏడాది జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్ళలో స్పామ్ సమస్య తీరిపోతుందని జోస్యం చెప్పాడు. ఆ జోస్యం సంగతి మీ స్పామ్ పెట్టెను అడగండి.

మన ఐటీ చట్టంలో ఒకప్పుడు 66ఎ అనే సెక్షన్ ఉండేది. విసుగో అసౌకర్యమో కలిగించడానికి ఈమెయిల్ పంపినా అందులో నేరమే. మూడేళ్ళ దాకా జైలు. చదవగానే ప్లాట్లవాళ్ళ పని పట్టడానికి భలే ఉందనిపిస్తుంది. కానీ ఎవరి విసుగు? నాకు విసుగు పుట్టించే కార్టూన్ మీకు నవ్వు తెప్పించవచ్చు. ఆ సెక్షన్‌ను వాడుకుని పోలీసులు పట్టుకున్నది ప్లాట్లవాళ్ళను కాదు, ఫేస్‌బుక్‌లో నాలుగు ముక్కలు రాసుకున్న పిల్లలను. శ్రేయా సింఘాల్ కేసులో 2015 మార్చి 24న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మంచి పని చేసింది. నా విసుగుకు పోలీసు కాపలా అక్కర్లేదు. మోసం నేరం, దానికి వేరే సెక్షన్లున్నాయి. విసుగు మాత్రం నా సొంత వ్యవహారం, దాని ఏర్పాట్లు నేనే చూసుకోవాలి.

ఈ సంగతిని అందరికంటే ముందు బాగా పట్టుకున్నది, నా దృష్టిలో, పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్. 2002 ఆగస్టులో ఆయన ‘ఎ ప్లాన్ ఫర్ స్పామ్’ అనే వ్యాసం రాశాడు. అప్పటిదాకా ఫిల్టర్లు ఎక్కువగా మనుషులు కూర్చుని రాసిన షరతులతో నడిచేవి: ఫలానా మాట ఉంటే ఆపు, ఎర్ర అక్షరాలుంటే ఆపు. అవతలివాడు మాటలో ఒక అక్షరం తీసి అంకె పెట్టేవాడు, మెయిల్ దర్జాగా లోపలికి వచ్చేసేది. గ్రాహం ఏమన్నాడంటే, షరతులు నువ్వు రాయకు, నీకు కావాల్సిన ఉత్తరాల కుప్ప ఒకటి, అక్కర్లేనివాటి కుప్ప ఒకటి యంత్రానికి ఇవ్వు, ఏ మాట ఏ కుప్పలో ఎన్నిసార్లు పడిందో అదే లెక్క వేసుకుంటుంది. లెక్క పాతదే. థామస్ బేస్ అనే ఇంగ్లండు మత బోధకుడిది. ఆయన 1761లో చనిపోతే, 1763లో స్నేహితుడు అచ్చు వేయించాడు.

ఆ వ్యాసంలో నాకు బాగా నచ్చే ముక్కలు రెండున్నాయి. స్పామ్‌ను పట్టించే గుర్తుల్లో బూతుమాటలతో సమానంగా నిలిచింది ‘ఎఫ్ఎఫ్0000’ అట. వెబ్ భాషలో అది నిగనిగలాడే ఎరుపు రంగు. అరిచి చెప్పేవాడి రంగు యంత్రానికి కూడా తెలిసిపోయింది. రెండోది అసలు విషయం. మంచి ఉత్తరాల్లో ఒక మాట ఎన్నిసార్లు వచ్చిందో ఆ సంఖ్యను గ్రాహం రెట్టింపు చేసి లెక్కేశాడు. అంటే తక్కెడను కావాలనే మంచివైపు మొగ్గించాడు. పది చెత్త మెయిళ్ళు లోపలికొస్తే పది క్షణాలు పోతాయి. ఒక్క అసలు ఉత్తరం బయట ఆగిపోతే ఏం పోతుందో ఎవరూ ముందుగా చెప్పలేరు.

తెలుగు ఇళ్ళలో ఇది మరీ నిజం. విసుగెత్తిన ఒక తండ్రి ‘ఆఫర్’ అన్న మాట ఉన్న మెయిళ్ళన్నీ చెరిపేయమని ఫిల్టర్ పెట్టాడనుకోండి. పండగ సేళ్ళు ఆగిపోతాయి, ప్రాణం హాయిగా ఉంటుంది. ఒకరోజు అబ్బాయికి ఉద్యోగం వచ్చి, ఆ కాగితాన్ని నాన్నకు పంపుతాడు. దాని పేరేమిటి? ఆఫర్ లెటర్. ‘లోన్’ అని పెడితే అమ్మాయి చదువు అప్పు కాగితాలు గల్లంతు. ఇక ‘లాటరీ’ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఊరూపేరూ లేని లాటరీలో కోట్లు తగిలాయని చెప్పే మెయిల్ పచ్చి దగా అని చంటిపిల్లవాడికి కూడా తెలుసు. కానీ మార్చి నెలాఖరులో అమెరికాలోని మన కుర్రాడు ఊపిరి బిగబట్టి ఎదురు చూసేది అచ్చంగా అలాంటి మెయిల్ కోసమే: మీరు హెచ్-1బి లాటరీలో ఎంపికయ్యారు. ఏడాదికి 85,000 వీసాలు, వచ్చే దరఖాస్తులు అంతకంటే చాలా ఎక్కువ, కాబట్టి చీట్లు తీస్తారు. కేవలం మాటను చూసి చెరిపే ఫిల్టర్‌కు ఆ రెండు లాటరీలూ ఒకటే.

చిత్రమేమంటే, ఇంటర్నెట్‌లో పెద్దఎత్తున గగ్గోలు పుట్టించిన తొలి వ్యాపార స్పామ్ కూడా లాటరీదే. 1994 ఏప్రిల్‌లో ఆరిజోనాకు చెందిన క్యాంటర్, సీగెల్ అనే లాయరు దంపతులు గ్రీన్ కార్డ్ లాటరీకి దరఖాస్తు చేసిపెడతామని యూజ్‌నెట్ అనే చర్చావేదికలో వేల బృందాలకు ఒకేసారి ప్రకటన గుప్పించారు. ఆ లాటరీకి భారతదేశంలో పుట్టినవాళ్ళు అర్హులు కారు. ఆ విధంగా మనకు అందులో దక్కింది ప్రకటన ఒక్కటే.

ఏ ఫిల్టర్‌కూ లొంగని ఇంకో రకం నాకు తగులుతూ ఉంటుంది. నా పేరే ఉన్న మరొకాయన ఎక్కడో నా మెయిల్ అడ్రసును తనదనుకుని ఇచ్చేశాడు. మన పేర్ల సంగతి తెలిసిందే, ఒక వీధిలో నలుగురు సత్యనారాయణలుంటారు. జీమెయిల్ అడ్రసులో మధ్యన పెట్టే చుక్కలను లెక్కలోకి తీసుకోదు కూడా, చుక్క ఉన్నా లేకపోయినా అది ఒకరిదే. దాంతో ఆయన కూతురు చదివే బడి నుంచి ఫీజు గుర్తు చేసే మెయిళ్ళూ, ప్రోగ్రెస్ కార్డులూ నాకు వస్తాయి. బడికి రాశాను, మార్పు లేదు. పంపేవాళ్ళు దొంగలు కారు, విషయం అబద్ధం కాదు, కానీ ఉత్తరం నాది కాదు. దాన్ని స్పామ్ అని నొక్కడానికి చెయ్యి రాదు. అలా నొక్కితే ఆ బడి రాసే మిగతా ఉత్తరాల మీద కూడా మచ్చ పడవచ్చు, ఎందుకంటే ఎంతమంది అలా నొక్కారన్నది కూడా యంత్రం చూస్తుంది. పక్కన పెట్టించాను, అంతే. ఆ పిల్లకు లెక్కల్లో మార్కులు పెరిగాయి.

బాబాయి పెట్టె దగ్గరికొద్దాం. జీమెయిల్‌లో ఫిల్టర్ పెట్టడం ఫోన్ యాప్‌లో కుదరదు, కంప్యూటర్‌లోనే తెరవాలి. పైన వెతికే గడికి కుడి చివర చిన్న గీతల గుర్తు ఉంటుంది. నొక్కితే ఒక ఫారం వస్తుంది: ఎవరి నుంచి, ఎవరికి, విషయం ఏమిటి, ఏ మాటలుండాలి, ఏవి ఉండకూడదు. నింపాక తొందరపడి ఫిల్టర్ చేసేయకూడదు. ముందు ఆ షరతుతో వెతికి, ఏయే పాత మెయిళ్ళు దొరుకుతాయో చూడాలి. ప్లాట్లతో పాటు పెన్షన్ కూడా దొరికితే షరతు తప్పన్నమాట. అది సరిచేశాకే, దొరికినవాటిని ఏం చేయాలో చెప్పాలి. ఇన్‌బాక్సులోకి రానివ్వకుండా పక్కన పెట్టవచ్చు, లేబుల్ తగిలించవచ్చు, నక్షత్రం పెట్టవచ్చు, చెరిపేయవచ్చు, ఎప్పటికీ స్పామ్‌లోకి పంపవద్దనవచ్చు.

చాలామంది మొదలెట్టేది శత్రువుల జాబితాతో. నేను చుట్టాల జాబితాతో మొదలెడతాను. పెన్షన్ వాళ్ళ అడ్రసు, బ్యాంకు అడ్రసు, డల్లస్ పిల్లల అడ్రసులు వేసి, వీటికి నక్షత్రం పెట్టు, ఎన్నడూ స్పామ్‌లోకి పంపకు అని చెప్పాం. ఆ తర్వాత ఒకే ఒక్క పెద్ద షరతు. మూకుమ్మడిగా పంపే మెయిళ్ళలో అడుగున ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ మాట ఉండి, మన చుట్టాల జాబితాలో లేనివన్నీ పక్కకు పోవాలి.

“చెరిపేయమని నొక్కనా?” అని అడిగాను.

“పారేయకురా. తీగకు గుచ్చు.”

లేబుల్ పేరు ‘తీగ’ అని తెలుగులోనే పెట్టాం. ఇప్పుడు ప్లాట్లు, అప్పులు, మోకాళ్ళ నొప్పులు అన్నీ వచ్చిన వరసలో దానికి గుచ్చుకుంటాయి. బుద్ధి పుట్టినప్పుడు బాబాయి తెరిచి చూస్తాడు. ఫిల్టర్‌లో ‘చెరిపేయి’ అన్న గడిని అప్పటి నుంచి నేనూ ముట్టుకోవడం మానేశాను. చూడకుండా చెరిపేయడం శుభ్రత కాదు, అహంకారం.

ఆ సన్నటి అక్షరాల గురించి ఒక మాట. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఒక కట్టుబాటు పెట్టాయి. మూకుమ్మడిగా, గూగుల్ లెక్కలో రోజుకు 5,000కు పైగా, మెయిళ్ళు పంపే సంస్థలు తాము ఎవరో సాంకేతికంగా రుజువు చేసుకోవాలి, ప్రచారం మెయిళ్ళ నుంచి ఒక్క నొక్కుతో తప్పుకునే వీలివ్వాలి, పాఠకుల స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకుండా చూసుకోవాలి. కాబట్టి పేరున్న దుకాణాల నుంచి వచ్చేవాటికి ‘అన్‌సబ్‌స్క్రైబ్’ నొక్కితే ఇప్పుడు చాలావరకు పని జరుగుతుంది. కేవైసీ ఆగిపోయిందనీ, కరెంటు ఈ రాత్రికి కట్ చేస్తామనీ వచ్చే దొంగ మెయిళ్ళలో మాత్రం దాన్ని ముట్టుకోవద్దు. ఆ నొక్కుడుతో ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాళ్ళకు మనమే కబురు పంపినట్టు. వాటిని స్పామ్ అని గుర్తు పెట్టి వదిలేయండి.

ఇంకొకటి. బట్టల కొట్టు కౌంటర్లో అమ్మాయి “మెయిల్ ఐడీ చెప్పండి సార్” అన్నప్పుడు, చెప్పకపోయినా బిల్లు వస్తుంది. ఇవ్వక తప్పకపోతే జీమెయిల్ వాళ్ళకు చిన్న వెసులుబాటు ఉంది: అడ్రసులో ‘ఎట్’ గుర్తుకు ముందు ప్లస్ గుర్తు పెట్టి కొట్టు పేరు చేర్చి ఇవ్వండి. మెయిల్ మీకే వస్తుంది. రేపు ఆ పేరు చేర్చిన అడ్రసుకే వేరెవరో రాస్తే, మీ అడ్రసు ఎవరి చేతుల మీదుగా వెళ్ళిందో తెలిసిపోతుంది.

మీ ఇంట్లో మెయిల్ వాడే పెద్దవాళ్ళుంటే ఒక ఆదివారం పక్కన కూర్చుని ఈ పని చేసి పెట్టండి. ఏది అక్కర్లేదో వాళ్ళనే చెప్పనివ్వండి, మీరు తేల్చకండి. నెలకోసారి స్పామ్ పెట్టె తెరిచి చూడటం కూడా అలవాటు చేయండి. జీమెయిల్‌లో అయితే అందులో పడ్డది 30 రోజులకు దానంతటదే చెరిగిపోతుంది.